మూర్ మార్కెట్టు – అగ్నికి ముందు, అగ్నికి తరువాత

తిరుత్తణి, తిరువళ్లూరు స్టేషనులలో లోకల్ రైలు ఎక్కి చెన్నపట్టణం చేరువారిలో అనేకులు దిగు చోటికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు. రైలు పట్టికలలో దానినే 'ఎం.ఎం.సి.' అని క్లుప్తంగా వ్రాయుదురు. దిగి చూచినచో అచ్చట మార్కెట్టు లేదు. 1985 మే 30వ తేదీన అది అగ్నికి ఆహుతియైనది. పేరు మాత్రం రైల్వే నిలయానికి సంక్రమించినది.

19వ శతాబ్ది చివర బ్రాడ్వేలోని పాత అంగడి ఇరుకై, అపరిశుభ్రమై పోవుటచే, చెన్నపట్టణ నగరపాలక సంస్థ క్రొత్త విపణి నిర్మింప సంకల్పించినది. 1898లో సంస్థ అధ్యక్షుడు సర్ జార్జి మూర్ శంకుస్థాపన చేసెను. గవర్నరు సర్ ఆర్థర్ హావెలాక్ 1900లో ప్రారంభోత్సవం జరిపెను. ఆర్.ఇ. ఎల్లిస్ రూపకల్పన చేసిన ఆ ఎర్ర ఇటుకల కట్టడంలో హైందవ, మహమ్మదీయ, పాశ్చాత్య వాస్తురీతులు కలగలిసి ఉండేవి. దానికి సమీపమందే విక్టోరియా పబ్లిక్ హాలు. ఆ హాలుకు 1883లో పునాదిరాయి వేసినవారు విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి గారు కావడం తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయం.

చిలుకలు, రంగు చేపలు, గ్రామఫోను రికార్డులు, గడియారాలు, బొమ్మలు, పాత నాణెములు – దొరకని వస్తువు లేదని మూర్ మార్కెట్టుకు ప్రసిద్ధి. అయితే విద్యార్థిలోకానికి అది పాత పుస్తకాల అంగడి. ఒక ఏడు చదివి ముగించిన పుస్తకాన్ని విద్యార్థి అచ్చట అమ్మివేయును. మరుసటి ఏడు మరియొక విద్యార్థి దానిని బేరమాడి తక్కువ వెలకు కొనును. క్రొత్త పుస్తకం కొనలేని ఇండ్లకు ఇది సామాన్యమైన ఉపకారం కాదు. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు తత్త్వశాస్త్రం చదువుటకు కారణం, అదే కళాశాలలో చదివి ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలను ఇచ్చుటయే. పుస్తకం చేతులు మారుటలోని మహిమకు అంతకంటె నిదర్శనం వెదుకనక్కరలేదు. 1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే అయినను, పై చదువులకు అచ్చటివారికి చెన్నపట్టణం రైలు దారి దగ్గరి దారియే.

సెంట్రల్ స్టేషను విస్తరణకు ఆ స్థలం కావలెనన్న ప్రయత్నం అగ్నిప్రమాదానికి ముందే ప్రారంభమైనది. తరతరాలుగా అచ్చట బ్రతికిన వర్తకులు కదలుటకు ఇష్టపడలేదు. ఆ వివాదం నడుచుచుండగనే మంటలు లేచినవి. నిప్పు పుట్టిన తీరును గురించి ఆనాడు పలువిధాల అనుమానాలు వినవచ్చినవి. వదంతులతో చరిత్ర వ్రాయరాదు గనుక వాటిని అంతటితో విడువవలెను. కాగితము, కొయ్య, గుడ్డ నిండిన అంగళ్లు మాత్రం బూడిదైనవి. పాత వస్తువుల వర్తకునికి మరియొక కష్టం కలదు. అతని సరకుకు కొనుగోలు బిల్లు ఉండదు. అపురూపమైన ఒక గ్రంథం కాలిపోయినచో దాని విలువను ఏ అధికారికి ఏ కాగితంతో నిరూపించగలడు?

1897లో మైసూరు రాజభవనం రాకుమారి వివాహ సందర్భంలో తగులబడినది. హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో 41 లక్షల రూపాయలకు పైగా వ్యయమై, 1912 నాటికి అంతకంటె ఘనమైన సౌధం అదే చోట నిలిచినది. మూర్ మార్కెట్టుకు అట్టి భాగ్యం కలుగలేదు. మిగిలిన గోడలు సైతం నేలమట్టమైనవి; ఆ నేలమీద రైల్వే భవనాలు లేచినవి. ఆవరణలో మార్కెట్టు యొక్క చిన్న నమూనా ఒకటి జ్ఞాపకార్థం నిలిపిరి. దానిని నిలిచి చూచువారు అరుదు.

కాలిపోయిన భవనం తిరిగి రాకున్నను వర్తకులు చెదరిపోలేదు. నగరపాలక సంస్థ సమీపంలో నిర్మించిన అల్లికుళం వాణిజ్య సముదాయంలో వారికి చోటు లభించినది. కొందరు ఆ పరిసరాలలోనే అంగళ్లు పెట్టుకొనిరి. క్రొత్త చోట మొదలుపెట్టుట సులభం కాలేదు. ఒక్క ఆవరణలో తిరుగుచు, అనుకోని వస్తువును కనుగొను ఆనందం కొరకే పూర్వం జనం వచ్చేవారు. అంతస్తులుగా కట్టిన సముదాయంలో ఆ సౌకర్యం తక్కువ. పైగా ప్రక్కనున్న పీపుల్స్ పార్కులోని జంతుప్రదర్శనశాల కూడ 1985లోనే వండలూరుకు తరలిపోయినది. పిల్లలకు పులిని చూపి, తిరుగుదారిలో బొమ్మో పుస్తకమో కొనిపెట్టు కుటుంబాల రాక దానితో తగ్గినది. ఒకే ఏట రెండు దెబ్బలు తగిలినట్లయినది.

అయినను పుస్తక వర్తకులు వ్యాపారం నిలుపుకొనిరి. దీనికి వారి జ్ఞాపకశక్తి తోడ్పడినదని చెప్పవలెను. గ్రంథనామం సగం చెప్పినను మిగిలిన సగం వారు చెప్పగలరు. లేని పుస్తకం ఎవరి వద్ద దొరకునో కూడ చెప్పి పంపుదురు. సరకు కాలినది గాని ఈ తెలివి కాలలేదు. పాత ఖాతాదారులు వెదకికొని వచ్చిరి; పాత గ్రంథాలను అమ్మదలచిన ఇండ్లవారు కబురు పంపిరి. ఆ విధంగా అరలు మెల్లమెల్లగా నిండినవి. ఇంజనీరింగు, వైద్య విద్యార్థులకు వలసిన పాఠ్యగ్రంథాలు, పోటీ పరీక్షల పుస్తకాలు క్రమంగా అరలలో ముఖ్యస్థానం పొందినవి. పాత సాహిత్య గ్రంథాలు వెనుక వరుసకు జరిగినవి. అడిగినవారికి వాటిని దుమ్ము దులిపి తీసి ఇచ్చుదురు.