మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు కారుతోందా? ఇంట్లోనే సరిచేసే విధానం

అత్తిముగం, హోసూరు పరిసర గ్రామాలలో నేల అడుగున కఠిన శిల ఉండడం వలన బోరు నీరు పరిమితం. అందులో ఉప్పు శాతమూ అధికమే. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల ఫ్లోరైడు బాధను తగ్గించేందుకు హోగెనకల్ నుండి కావేరి నీటిని తెచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. ఇంత శ్రమతో ఇల్లు చేరిన నీరు మరుగుదొడ్డి ట్యాంకు నుండి చడీచప్పుడు లేకుండా పోతుంటే చాలామంది గమనించరు.

పది నిమిషాలకు ఒక లీటరు కారినా రోజుకు 144 లీటర్లు వృథా అవుతాయి. జల్ జీవన్ మిషన్ గ్రామీణులకు నిర్ణయించిన ప్రమాణం తలకు రోజుకు 55 లీటర్లు మాత్రమే. అనగా ఒక చిన్న లోపం ఇద్దరి వాడుకకు మించిన నీటిని హరిస్తుంది. మోటారు కరెంటు ఖర్చు అదనం. మరుగుదొడ్డి గుంత కూడా త్వరగా నిండుతుంది.

లోపాన్ని గుర్తించుట

ట్యాంకులో ముఖ్యమైనవి రెండు భాగాలు. నీరు నిండగానే ధారను ఆపేది ఫ్లోటు వాల్వు. అడుగున రబ్బరు వాషరుతో నీటిని నిలిపి ఉంచేది ఫ్లష్ వాల్వు.

ట్యాంకు నిండిన తరువాత మూత తీసి చూడాలి. నీరు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటి పోతుంటే లోపం ఫ్లోటు వాల్వుది. అలా లేకుంటే బట్టలకు పెట్టే నీలిమందు కొన్ని చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఎవరూ వాడకుండా ఉంచాలి. బేసిన్‌లో నీలిరంగు కనిపిస్తే అడుగు వాషరు కారుతున్నట్లు.

సరిచేయుట

మొదట గోడ వద్దనున్న యాంగిల్ కాక్ మూసి, ఫ్లష్ చేసి ట్యాంకును ఖాళీ చేయాలి.

ఫ్లోటు వాల్వు: ఇత్తడి కడ్డీ గలదైతే కడ్డీని కొద్దిగా కిందికి వంచాలి. ప్లాస్టిక్‌దైతే మరను తిప్పాలి. నీటి మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు ఒక అంగుళం కింద నిలవాలి. బంతిలో నీరు చేరి ఉంటే బంతినే మార్చాలి.

వాషరు: వాల్వును తీసి, ఉప్పు పట్టినచోట నిమ్మరసంలో గాని వెనిగర్‌లో గాని అరగంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దాలి. వాషరు గట్టిపడినా, చీలినా కొత్తది వేయాలి. కొలతలు కంపెనీకొక తీరు గనుక పాత వాషరును కొట్టుకు తీసుకుపోవడం మేలు. అప్పుడు దాని పేరు తమిళంలోనో కన్నడంలోనో చెప్పలేకపోయినా ఇబ్బంది ఉండదు.

ట్యాంకులో ఆసిడ్ పోయరాదు. రబ్బరు, లోహ భాగాలు చెడిపోతాయి. ఆసిడ్‌ను బ్లీచింగ్ పొడితో కలిపితే విషవాయువు వెలువడుతుంది.

పని ముగిసిన తరువాత నీలిమందు పరీక్షను మరొకసారి చేయాలి. ట్యాంకు పగిలినా, యాంగిల్ కాక్ మూసుకోకపోయినా ప్లంబరును పిలవడమే క్షేమం. మూతను ఎప్పుడూ బిగుతుగా ఉంచాలి; తెరిచిన ట్యాంకులో దోమలు గుడ్లు పెడతాయి.