పెట్టె అడిగింది, చిప్పు మారింది

1986లో మన బడి సైన్సు ల్యాబు పక్కగదికి కొత్త తాళం పడింది. కిటికీలకు మందపాటి తెరలు వేలాడాయి. గుమ్మం బయట చెప్పులు వరసగా విడిచి, ఒక్కొక్కరం లోపలికి వెళ్లేవాళ్లం. బల్లమీద లేత గోధుమరంగు పెట్టె, దాని పైవరసలో ఎర్రటి మీటలు. స్విచ్చి వేయగానే రెండు స్వరాల కూత, తెరమీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అన్న అక్షరాలు. ఆ తరం వాళ్లెవరూ ఆ కూత మరిచిపోయి ఉండరు.

ఆ గది బాధ్యత లెక్కల మాస్టారిది. "దీని మెదడు వేలెడంత చిప్పురా" అని ఆయన చెబితే, "పెట్టె చేసినవాళ్లే చిప్పు కూడా చేశారా సార్?" అని అడిగాను. "కాదురా, వేరేవాళ్లు. ఎవరు చేశారో, ఎవరి మాట ఎవరు విన్నారో నువ్వే కనుక్కుని నాకు చెప్పు" అన్నారు. ఆ బాకీ ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది. మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ముందు ఆ పెట్టె మన బడికి ఎలా వచ్చిందో చెప్పాలి. పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. తొలి విడతలో 250 పాఠశాలలను తీసుకుని, తరవాత విస్తరించింది. అందుకు ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. బ్రిటన్‌లో బీబీసీ సంస్థ చేపట్టిన కంప్యూటర్ అక్షరాస్యత ఉద్యమం కోసం కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ 1981లో దాన్ని తయారుచేసింది.

దాని లోపలి చిప్పు పేరు 6502. దాని పుట్టుకే మాస్టారి ప్రశ్నకు మొదటి జవాబు. 1970ల మొదట్లో చక్ పెడిల్ అనే ఇంజినీరు మోటరోలాలో పనిచేసేవాడు. కంపెనీవారి 6800 చిప్పు గురించి వివరించడానికి ఊరూరా తిరిగి కొనుగోలుదారులను కలిసేవాడు. అందరిదీ ఒకటే మాట: చిప్పు బాగుంది, ధరే అందుబాటులో లేదు. ఒక్కో సెట్టుకు వందల డాలర్లు అడుగుతుంటే మామూలు యంత్రాల్లో దాన్ని ఎవరు పెడతారు? చవక చిప్పు చేద్దామని పెడిల్ తన కంపెనీకి చెప్పాడు. వద్దన్నారు. 1974లో కొందరు సహచరులతో బయటికొచ్చి, పెన్సిల్వేనియాలోని ఎంఓఎస్ టెక్నాలజీలో చేరాడు. 1975లో 6502ను 25 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. ఆ ధర చూసే స్టీవ్ వోజ్నియాక్ దానితో యాపిల్ యంత్రాన్ని కట్టాడు. కొనేవాళ్ల గోడు ఒక కంపెనీ వినలేదు, ఇంకో కంపెనీ విన్నది. ఇంటికి కంప్యూటర్ రావడానికి దారి అక్కడ తెరుచుకుంది.

రెండో అంకం కేంబ్రిడ్జిలో జరిగింది. బీబీసీ మైక్రో విజయం తరవాత, ఇంతకన్నా శక్తిగల యంత్రం చేయాలని ఏకార్న్ అనుకుంది. బజారులో ఉన్న కొత్త చిప్పులను పరీక్షిస్తే, మెమరీ అందించగల వేగాన్ని కూడా అవి పూర్తిగా వాడుకోలేకపోతున్నాయి. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1983లో అమెరికా వెళ్లి, 6502 వారసులను తయారుచేస్తున్న సంస్థను చూశారు. అరిజోనాలో ఒక మామూలు ఇంట్లో కొద్దిమంది కలిసి ఆ పని చేస్తున్నారు. ఇంతమందికి సాధ్యమైతే మనకెందుకు కాదు అన్న ధైర్యంతో తిరిగొచ్చారు. ఏకార్న్ స్థాపకుల్లో ఒకరైన హెర్మన్ హౌజర్ తరవాత సరదాగా చెప్పుకున్నది ఏమిటంటే, పెద్ద కంపెనీలు తమ ఇంజినీర్లకు ఇవ్వలేని రెండు వరాలు తాను ఇచ్చాడట. ఒకటి డబ్బు లేకపోవడం, రెండోది మనుషులు లేకపోవడం.

లేమి పనికొచ్చింది. ఖరీదైన సిరామిక్ తొడుగు కొనలేరు కాబట్టి, చిప్పు ప్లాస్టిక్ తొడుగులో ఇమడాలి. ప్లాస్టిక్ వేడిని తట్టుకోవాలంటే చిప్పు వాడే కరెంటు ఒక వాటు లోపలే ఉండాలి. అలా పొదుపు కోసమే గీసిన ఆ చిప్పు పేరు ఆర్మ్. 1985 ఏప్రిల్ 26న తొలి నమూనా వచ్చింది. ఫర్బర్ కరెంటు కొలిస్తే మీటరు సున్నా చూపించింది. చిప్పు మాత్రం చక్కగా పనిచేస్తోంది! తీరా చూస్తే బోర్డులో విద్యుత్ సరఫరా తీగ కలవనేలేదు. పక్కనున్న భాగాలనుంచి వచ్చే సంకేతాల్లోని కొసరు కరెంటుతోనే అది నడిచింది. దాంట్లో ఉన్న ట్రాన్సిస్టర్లు సుమారు 25 వేలు. వాటికి పరీక్షలు జరిపింది ఎక్కడో కాదు, మన బడికి వచ్చిన బీబీసీ మైక్రోకు తగిలించే!

ఇక్కడినుంచి కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆర్మ్‌కు ఒక్కో మలుపు ఇచ్చారు. చేతిలో పట్టుకునే కంప్యూటర్ చేయాలనుకున్న యాపిల్‌కు బ్యాటరీ మీద నడిచే చిప్పు కావాలి. అయితే పోటీదారైన ఏకార్న్ దగ్గర కొనడం ఇష్టం లేదు. అందుకే 1990లో ఏకార్న్, యాపిల్, వీఎల్‌ఎస్‌ఐ కలిసి ఆర్మ్‌ను విడి కంపెనీగా నిలబెట్టాయి. 1993లో వచ్చిన ఆ న్యూటన్ యంత్రం నిలవలేదు, కంపెనీ నిలిచింది. తరవాత నోకియాకు ఇంకో ఇబ్బంది: ఆర్మ్ ఆదేశాలు పొడవు, వాటికి మెమరీ ఎక్కువ పడుతుంది, ఫోను ధర పెరుగుతుంది. దానికి జవాబుగా ఆదేశాలను సగానికి కుదించే 'థంబ్' పద్ధతి పుట్టింది. 1997 నాటి నోకియా 6110లో అదే ఉంది.

కథ ఒకవైపే నడిస్తే పాఠం సగమే. చిప్పు కూడా పెట్టెను కట్టిపడేస్తుంది. 1991లో యాపిల్, ఐబీఎం, మోటరోలా కలిసి పవర్‌పీసీ చిప్పులు మొదలుపెట్టాయి. 2003లో జీ5 చిప్పుతో మ్యాక్ విడుదల చేస్తూ, ఏడాదిలో 3 గిగాహెర్ట్జ్ అందుకుంటామని స్టీవ్ జాబ్స్ వేదికమీదే మాట ఇచ్చాడు. మాట ఇచ్చింది యాపిల్, నిలబెట్టాల్సింది ఐబీఎం. రెండేళ్లయినా ఆ వేగం రాలేదు. ఆ వేడికి జీ5 ల్యాప్‌టాప్‌లో ఇమడనూ లేదు. 2005 జూన్‌లో యాపిల్ ఇంటెల్‌వైపు తిరిగింది. ఒక వాటు కరెంటుకు ఎంత పని జరుగుతుందన్నదే అప్పుడు చెప్పిన ముఖ్య కారణం.

ఆ ఇంటెల్‌కు కూడా పరీక్ష ఎదురైంది. ఐఫోన్ రాకముందు, దానికి చిప్పు చేసే అవకాశం ఇంటెల్ ముందుకు వచ్చింది. యాపిల్ ఇస్తానన్న ధర, తమ అంచనా ప్రకారం తయారీ ఖర్చుకన్నా తక్కువ కావడంతో వద్దనుకున్నామని నాటి అధిపతి పాల్ ఒటెల్లిని 2013లో స్వయంగా చెప్పారు. ఖర్చు లెక్క తప్పిందనీ, అమ్మకాలు అనుకున్నదానికి వందరెట్లయ్యాయనీ ఒప్పుకున్నారు. 2007లో ఐఫోన్ ఆర్మ్ చిప్పుతో వచ్చింది. 2008లో యాపిల్ పీఏ సెమీ అనే చిప్పుల సంస్థను కొని, 2010లో ఏ4 పేరుతో సొంత చిప్పు తెచ్చింది. 2020 నవంబరులో ఎమ్1తో మ్యాక్‌లను కూడా ఇంటెల్ నుంచి తప్పించడం మొదలుపెట్టింది. ఎమ్1లో ఉన్న ట్రాన్సిస్టర్లు 1,600 కోట్లు. అది పాటించేది ఆర్మ్ ఆదేశాలనే. అయినా స్వాతంత్ర్యం పూర్తిగా వచ్చిందనలేం. ఆ చిప్పును గీసింది యాపిల్, అచ్చుపోసింది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ. ఒక చేయి వదిలించుకుంటే ఇంకో చేయి పట్టుకోక తప్పలేదు.

మాస్టారూ, నాకు తెలిసిన జవాబు ఇది. పెట్టెకు, చిప్పుకు మధ్య పెత్తనం ఎవరిదీ శాశ్వతం కాదు. కొనేవాడి గోడు వినని చిప్పు కంపెనీ తన పోటీదారును తానే పుట్టిస్తుంది. ఒకే చిప్పును నమ్ముకున్న పెట్టె, దాని నడకకు తన నడక కట్టేసుకుంటుంది. తనకేం కావాలో తెలిసి, దాన్ని గీయడం కూడా నేర్చినవాడే బేరం ఆడగలడు.

ఈ కథలో మన దేశం ఎక్కడుంది? బీబీసీ మైక్రోను ఇక్కడ తయారుచేసే పని చేపట్టింది పంజాబ్‌లోని మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ కాంప్లెక్స్. చిప్పులు చేయడానికే ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. 1989లో జరిగిన అగ్నిప్రమాదంలో దాని చిప్పుల కర్మాగారం కాలిపోయింది. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ప్రపంచం చాలా దూరం వెళ్లిపోయింది. నేడు హైదరాబాదులో మన పిల్లలు ఎందరో పెద్ద పెద్ద కంపెనీల చిప్పులు గీస్తున్నారు. గీసే చేతులు మనవే, ఏం గీయాలో నిర్ణయించేది మాత్రం ఎక్కువగా ఇంకెవరో.

ఏకార్న్‌లో ఆ పని మొదలుపెట్టినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరిలో ధైర్యం నింపింది ఒక మామూలు ఇల్లు. చెప్పులు బయట విడిచి మేం వెళ్లిన ఆ గది కూడా అంత మామూలుదే. ఇప్పటి పిల్లలు మన బడి ల్యాబులో అడుగుపెట్టినప్పుడు, తెరమీద ఏముందో చూపించి ఆగిపోవద్దని ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. మా మాస్టారిలా ఒక్క ప్రశ్న వాళ్ల చేతిలో పెట్టి పంపండి. జవాబుకు నలభై ఏళ్లు పట్టినా నష్టం లేదు.