చెవి తీసి కన్ను పెట్టిన ఓడలు

స్మగ్లర్లను వేటాడే ఓడ అనగానే అలల్ని కోసుకుంటూ దూసుకుపోయే, ముందు భాగంలో ఫిరంగి బిగించిన ఓడే ఎవరికైనా కళ్లముందు మెదులుతుంది. 1990ల తొలి ఏళ్లలో అమెరికా నౌకాదళం కొకైన్ రవాణా మీద నిఘాకు కేటాయించిన స్టాల్వార్ట్, ఇండామిటబుల్, కేపబుల్ అనే మూడు ఓడలు ఈ ఊహకు ఏ కోశానా సరిపోవు. ఎంత తొందరపెట్టినా వాటి వేగం గంటకు 11 నాటికల్ మైళ్లు, అంటే సుమారు ఇరవై కిలోమీటర్లు. సైకిల్ బాగా తొక్కేవాడు వాటికంటే ముందుంటాడు. పుట్టుకతో వాటికి ఆయుధాలు లేవు. నడిపేది కూడా మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్ కింద పనిచేసే పౌర నావికులే. గంటకు నలభై నాటికల్ మైళ్లు దాటే దొంగ పడవల మీదికి ఇలాంటివాటిని ఎందుకు పంపినట్టు? ప్రచ్ఛన్నయుద్ధం ముగిసింది, ఓడలు ఖాళీగా పడున్నాయి, ఏదో ఒక పని చూపించారు అనేది అందరూ చెప్పే జవాబు. అది సగం నిజం. ఈ ఓడలు అక్కడికి చేరకముందే అమెరికా చట్టం మాదకద్రవ్యాల వేటను రెండు ముక్కలు చేసి, చూడటం ఒకరికి, పట్టుకోవడం ఇంకొకరికి అప్పగించింది. ఒట్టి చూపు పని అంటూ ఒకటి విడిగా ఏర్పడింది కాబట్టే ఈ నత్తనడక ఓడలకు చోటు దొరికింది. ఆ పంపకంలో ఉన్న లోపమే చివరికి వాటి కథను కూడా నడిపించింది.

వీటి మూలం సోవియట్ జలాంతర్గాముల భయంలో ఉంది. 1950ల నుంచే అమెరికా సముద్రగర్భంలో హైడ్రోఫోన్లను, అంటే నీటిలో చప్పుడు పట్టే మైకులను, వరుసలుగా పరిచి, వాటి నుంచి తీరానికి కేబుళ్లు లాగి వింటూ ఉండేది. సోసస్ అని పిలిచే ఆ వ్యవస్థ గట్టిదే కానీ కదల్లేదు. కేబుల్ పరవని చోట దానికి వినికిడి లేదు. ఆ ఖాళీలు పూడ్చడానికి, చెవిని ఓడ వెనక కట్టి ఈడ్చుకుపోతే సరి అన్న ఆలోచన వచ్చింది. అలా రూపుదిద్దుకున్న స్టాల్వార్ట్ తరగతిలో మొత్తం పద్దెనిమిది ఓడలు తయారయ్యాయి. మొదటి పన్నెండు వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో, తక్కిన ఆరు మిసిసిపీలో కట్టారు. తొలి ఓడ స్టాల్వార్ట్ 1984లో పనిలోకి దిగింది. 68 మీటర్ల పొడవు, సుమారు 2,300 టన్నుల బరువు ఉన్న ఈ ఓడ వెనక డెక్ మీద ఒక పెద్ద వించి ఉండేది. దాని నుంచి కేబుల్ వదులుతూ పోతే, ఆ కేబుల్ చివర రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న, లోపలంతా హైడ్రోఫోన్లు నింపిన గొట్టం వందల మీటర్ల లోతులో తేలుతూ వచ్చేది. దాన్ని లాగేటప్పుడు ఓడ గంటకు మూడు నాటికల్ మైళ్లు మించి కదలకూడదు. కదిలితే నీటి రాపిడి చప్పుడే వినబడుతుంది. సొంత ఇంజన్ల మోత చెవికి అడ్డు పడకుండా డీజిల్ జనరేటర్లతో కరెంటు పుట్టించి, మోటార్లతో ప్రొపెల్లర్ తిప్పేవారు. విన్నదాన్ని అక్కడికక్కడ తేల్చుకునే పని కూడా లేదు, ఉపగ్రహం ద్వారా తీరానికి పంపేస్తే అక్కడి నిపుణులు తేల్చేవారు. రెండు మూడు నెలలు ఒకే చోట తచ్చాడుతూ, తక్కువ మనుషులతో, తక్కువ ఇంధనంతో కాలం గడపడమే ఈ ఓడకు తెలిసిన విద్య. ఇంజనీర్లు దాన్ని నెమ్మదిగా నడిచేట్టు పనిగట్టుకుని తయారుచేశారన్నమాట.

అయితే ఓడలు నీట్లోకి దిగే కాలానికే వినికిడి కష్టమవడం మొదలైంది. అమెరికా నౌకాదళ రహస్యాలను ఏళ్ల తరబడి మాస్కోకు అమ్ముకున్న జాన్ వాకర్ ముఠా 1985లో దొరికింది. తమ జలాంతర్గాముల చప్పుడు ఎంత దూరం వినబడుతోందో సోవియట్లకు అప్పటికే అర్థమై, వాటిని నిశ్శబ్దంగా తయారుచేసుకోసాగారు. ఇంతలో ఆ దేశమే లేకుండా పోయింది. ఉత్తర సముద్రాల శీతాకాలపు పోటుకు బాగా ఊగిపోతున్న ఈ ఓడల స్థానంలో జంట అడుగుభాగాల కొత్త తరగతి ఒకటి 1991లో మొదలైంది. పదేళ్లు కూడా నిండని ఓడలు ఒక్కొక్కటే మిగులు జాబితాలోకి చేరాయి.

అదే సమయంలో వాషింగ్టన్‌లో ఇంకో కథ నడుస్తోంది. సైన్యం దేశంలో పోలీసు పని చెయ్యకూడదన్నది 1878 నాటి పోసీ కొమిటేటస్ చట్టం. ఆ గోడకు 1981లో ఒక కిటికీ తెరిచారు. అరెస్టు చెయ్యకూడదు గానీ సమాచారం, సాధనాలు ఇచ్చి పోలీసు సంస్థలకు సైన్యం సాయపడవచ్చన్నారు. 1988లో ఆమోదం పొందిన రక్షణ చట్టం ఇంకో అడుగు వేసి, గాల్లో, నీటిలో దేశంవైపు వచ్చే మాదకద్రవ్యాలను కనిపెట్టి, వాటి మీద కన్నేసి ఉంచే బాధ్యతను రక్షణశాఖకే అప్పగించింది. సోదా చెయ్యడం, సరుకు స్వాధీనం చేసుకోవడం, సంకెళ్లు వెయ్యడం కోస్ట్ గార్డ్, కస్టమ్స్ వాళ్ల పనిగానే మిగిలాయి. నౌకాదళ ఓడ దొంగ పడవను చుట్టుముట్టినా, దాని మీద కాలు పెట్టేది ఆ ఓడలోనే ప్రయాణిస్తున్న కోస్ట్ గార్డ్ బృందమే. 1989లో కీ వెస్ట్ దీవిలో ఉమ్మడి దళం ఒకటి ఏర్పడి, కరేబియన్ నిఘా అంతా అక్కడికి చేరింది.

చూసే పని సైన్యం మీద పడ్డాక, చూసే సాధనం ప్రతిదీ అటు తిరిగింది. సోవియట్ బాంబర్లను దూరం నుంచే పసిగట్టి నౌకాదళాన్ని కాపాడటానికి తయారైన, భూమి వంపు దాటి చూసే రాడార్లను వర్జీనియాలో, టెక్సాస్‌లో నిలబెట్టి దక్షిణానికి తిప్పారు. జలాంతర్గాములను వేటాడే పి-3 విమానం వీపు మీద గుండ్రటి రాడార్ పెట్టి కస్టమ్స్ శాఖకు ఇచ్చారు. మన మూడు ఓడల మార్పు కూడా ఈ వరుసలోదే. వెనక ఈడ్చే గొట్టాన్నీ దాని సరంజామానూ దింపేశారు. ఫ్రిగేట్ల మీద ఉండే ఎస్‌పీఎస్-49 అనే గగనతల రాడార్‌ను బిగించారు. దాంతోపాటు సమాచారం ఇచ్చిపుచ్చుకునే యంత్రాలు పెట్టారు. జలాంతర్గామి కోసం నీటిలోకి వంచిన చెవిని తీసేసి, స్మగ్లర్ల చిన్న సెస్నా విమానాల కోసం ఆకాశంలోకి కన్ను తెరిచారు. నేల మీది రాడార్లకు అందని సముద్రం మధ్యలో ఓడ నిలబడి, అనుమానం తగిలిన విమానం జాడను కీ వెస్ట్‌కు చేరవేస్తే, అక్కడి నుంచి వెంటాడే విమానాలను పంపుతారు. ఇదే పనికి అంతకుముందు మూడు వందల మందికి పైగా సిబ్బంది ఉండే క్రూయిజర్లను వాడేవారు. ఆ ఖర్చుతో పోలిస్తే చిన్న సిబ్బందితో నడిచే పాత ఓడ మీద రాడార్ పెట్టడం ఎంత తెలివైన బేరమో లెక్కలు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంత నెమ్మది ఓడ ఏం పనికొస్తుందన్న ఆక్షేపణ అందుకే నిలవదు. ఆ రాడార్ ఎత్తున ఎగిరే విమానాన్ని 250 నాటికల్ మైళ్ల దూరం నుంచి, అంటే 460 కిలోమీటర్ల నుంచి పట్టగలదు. గంటకు మూడు వందల కిలోమీటర్లతో పోయే చిన్న విమానం ఆ వృత్తాన్ని అడ్డంగా దాటాలంటే మూడు గంటలు కావాలి. చూసేవాడు పరుగెత్తనక్కర్లేదు, రెప్పవాల్చకుండా ఉంటే చాలు. నిజంగా ఇబ్బందిపెట్టే విషయం వేరే ఉంది. భూమి గుండ్రం. యాంటెన్నా నీటికి పాతిక మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, వంద మీటర్ల ఎత్తులో ఎగిరే విమానం అరవై కిలోమీటర్ల లోపుకు వస్తే గానీ కనబడదు. కొకైన్ మోసే పైలట్లకు ఈ లెక్క తెలియకుండా ఉంటుందా? వాళ్లు నీళ్లను రాసుకుంటూ ఎగరడం అలవాటు చేసుకున్నవాళ్లు. కరేబియన్ అంతటినీ కాయడానికి ఇలాంటి ఓడలు మూడు చాలవు, ముప్పై ఉన్నా చాలవేమో.

అంతకంటే బరువైన ఆక్షేపణ అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ నుంచే వచ్చింది. సైనిక నిఘా మీద పెడుతున్న భారీ పెట్టుబడి ఫలితమివ్వడం లేదని 1993 నివేదిక పేరులోనే చెప్పేసింది. అంతకుముందే, 1988లో, ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఆర్థికవేత్తలు ఇంకో సంగతి లెక్కగట్టారు. కొకైన్ చిల్లర ధరలో ఎక్కువ భాగం అమెరికా లోపలి చేతుల్లో పెరిగేదే, సరిహద్దు దగ్గర సరుకు పోయినా వ్యాపారికి పెద్దగా నష్టం తగలదు అన్నారు. మరి ఓడల మార్పు దండగేనా? విడిగా చూస్తే కాదని నా ఉద్దేశం. అప్పగించిన పని అవి చవగ్గా చేశాయి. లోపం అప్పగించిన పద్ధతిలో ఉంది. కన్ను ఎంత పెద్దదైనా, చూసినచోటికి చెయ్యి అందకపోతే ఆ చూపు ఒక నమోదు కింద మిగిలిపోతుంది. 2001 ఏప్రిల్‌లో పెరూలో, అమెరికా నిఘా విమానం ఇచ్చిన ఆచూకీతో ఆ దేశపు యుద్ధవిమానం మిషనరీల విమానాన్ని కూల్చి ఒక తల్లినీ పసిబిడ్డనూ చంపిన దుర్ఘటన ఆ పంపకపు మరో ముఖం. చూసింది ఒకరు, కాల్చింది ఇంకొకరు, మధ్యలో నిర్ధారణ జారిపోయింది.

ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నం ఇదే తరగతిలోని మరో రెండు ఓడలతో జరగడం విశేషం. విండికేటర్, పర్సిస్టెంట్ అనేవాటిని 1994లో కోస్ట్ గార్డ్ తీసుకుంది. కొంతకాలానికే పక్కనపెట్టినా, 1999లో మళ్లీ బయటికి తీసి, వేగంగా పోయే చిన్న పడవలకు తల్లి ఓడలుగా వాడింది. ఆ ఏడే కోస్ట్ గార్డ్ ఇంకో ప్రయోగం చేసింది. హెలికాప్టర్ల నుంచి గురిచూసి దొంగ పడవల ఇంజన్లను పేల్చడం అన్నమాట. తొలి విడతలో ఎదురైన అయిదు పడవలనూ అయిదింటినీ ఆపగలిగారు. నిదానమైన ఓడ మీదే చేతులు కూడా ఉంటే ఏమవుతుందో చూపించే దారి అదే. అయినా విండికేటర్ కోస్ట్ గార్డ్ కొలువు 2001లోనే ముగిసింది.

చెవులు ఉంచుకుని ఉంటే బాగుండేదేమో అనేవాళ్లు కూడా ఉన్నారు. రాడార్లు పెరిగాక సరుకు విమానాల నుంచి పడవల్లోకి, 2006 నాటికి నీటిమట్టానికి కాస్తే పైకి తేలే ఫైబర్‌గ్లాస్ నావల్లోకి మారింది. 2008లో వాటిని నడపడమే నేరమంటూ చట్టం తేవాల్సి వచ్చింది. 2010లో ఈక్వడార్‌లో పూర్తిగా మునిగి పోగల జలాంతర్గామే దొరికింది. వాదన వినడానికి బాగుంది గానీ నాకు నమ్మకం కుదరదు. ఆ గొట్టాలు వెతికింది పెద్ద జలాంతర్గాముల ప్రత్యేకమైన, అతి తక్కువ పౌనఃపున్యపు స్వరాలను. చిన్న డీజిల్ ఇంజన్‌తో పోయే దొంగ నావ మోత వందలాది చేపల పడవల మోతలో కలిసిపోతుంది. విన్నా, మళ్లీ చెయ్యి చాచేవాళ్లు కావాలి కదా.

మూడు ఓడల్లో ఇండామిటబుల్ 2003లో, కేపబుల్ 2008లో అమెరికా సముద్ర పరిశోధన సంస్థ కొలువులో చేరాయి. కేపబుల్ ఇప్పుడు ఓకియానోస్ ఎక్స్‌ప్లోరర్ పేరుతో లోతైన సముద్రగర్భానికి పటం గీస్తోంది. ఆ పనికి కూడా కావాల్సింది నెమ్మదిగా, వారాల తరబడి సముద్రం మీద ఉండగలగడమే. ఇటు కీ వెస్ట్ నిఘా కేంద్రంలో చూపు పని ఆగలేదు. 2014లో అమెరికా సైన్యపు దక్షిణ కమాండ్ అధిపతి జనరల్ జాన్ కెల్లీ సెనేట్ ముందు చెప్పిన లెక్క ప్రకారం, సముద్రం మీద వెళుతోందని తమకు తెలిసిన అనుమానిత సరుకులో 74 శాతం వెంట పంపడానికి ఓడలూ విమానాలూ లేక, కూర్చుని చూస్తూ ఉండిపోవాల్సి వచ్చేది.