ఎండ అద్దిన నీలము

ఎండకు బట్ట వెలియుట మన మెరిగినదే. ఎండయే నీలము నద్దు విద్యయు కలదు. ఇంగ్లండులో జాన్ హెర్షెల్ 1842లో దీనిని కనుగొనెను. మరుసటి యేటినుండి అన్నా అట్కిన్స్ అను విదుషి సముద్రపు నాచుల నీడలను కాగితముపై నిట్లు ముద్రించి గ్రంథముగా వెలువరించెను. పేరుకు బదులు "ఏ. ఏ." అని మాత్రమే వ్రాసికొనుటచే, ఎవరో అనామక ఔత్సాహికుని కృతి యని తరువాత కొందరు పొరబడిరి.

నూలుబట్టకును ఇదియే పద్ధతి. రెండు ఇనుప లవణములు కలిపిన నీట తడిపి, చీకటిలో ఆరబెట్టి, ఆకు నుంచి ఎండలో పరుతుము. పిదప మంచినీట జాడించినచో ఎండ సోకినచోట నీలము నిలుచును. ఆకు నీడ తెల్లగా మిగులును. బట్టల సోడా తగిలినచో ఆ నీలము చెడును.

నీలమును సోడానుండియు, ఆ విదుషి పేరును మరపునుండియు కాపాడుకొందము.