గుర్రపు తోక నుండి నైలాన్ దాకా: గాలపు దారం కథ

‘ఫలానా పని కోసం ఫలానా వారికి గాలం వేస్తున్నాడు’ అనే మాట ఆఫీసుల్లో పనిచేసిన మనలో వినని వారుండరు. ఆ మాట అన్నప్పుడు ఎర గుర్తొస్తుంది, చిక్కిన చేప గుర్తొస్తుంది. మధ్యనున్న దారం సంగతి ఎవరికీ పట్టదు. నిజానికి ఒడ్డున నిలబడిన మనిషికీ, నీటి అడుగునున్న చేపకూ ఉన్న సంబంధమల్లా ఆ దారమే. ఫైలు కట్టిన ట్యాగు తెగితే మరొకటి వేసుకోవచ్చు. గాలపు దారం తెగితే వేటగాడికి పోయేది ఒక పూట వినోదం. చేపకు మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

ఆ దారం చరిత్రను ఒక చేపను ఆధారం చేసుకుని చెప్పాలని ఈ వ్యాసం. ఆ చేప ఇంగ్లండు నదుల్లో ఉండే బార్బెల్. దానికి ఎలాంటి దారం వాడాలన్న విషయం 500 ఏళ్ళ క్రితమే అచ్చులోకి ఎక్కింది. అదీగాక దాని బంధువు మన దక్షిణాది నదుల్లో కూడా ఉన్నది.

మీసాల చేప

లాటిన్ భాషలో ‘బార్బా’ అంటే గడ్డం. నోటి చుట్టూ నాలుగు మీసాలు వేలాడుతుంటాయి గనుక బార్బెల్ అనే పేరు వచ్చింది. మీసాల చేప అనగానే మనకు జెల్లలు, వాలుగలు గుర్తుకు వస్తాయి. బార్బెల్ ఆ జాతిది కాదు. ఒంటినిండా పొలుసులుంటాయి. మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబానికి చెందినది. థేమ్స్, కెన్నెట్, ట్రెంట్ వంటి నదుల్లో గులకరాళ్ళున్న చోట, నీరు వడిగా పారే చోట అడుగునంటి తిరుగుతుంది. నోరు కిందివైపుకు ఉంటుంది. మీసాలతో రాళ్ళ సందులు తడుముకుంటూ మేత ఏరుకుంటుంది. సెవెర్న్ నదిలో ఒకప్పుడు ఈ చేప లేదు. 1956లో కెన్నెట్ నుండి సుమారు 500 చేపలను తెచ్చి అందులో వదిలారు. నేడు అక్కడా పేరుమోసిన చేప అదే.

గాలానికి తగిలిన బార్బెల్ అడుగునంటి, ప్రవాహం వాలున పరుగు తీస్తుంది. ఆ పరుగులో దారం రాళ్ళకు ఒరుసుకుంటుంది, నాచులో చిక్కుకుంటుంది. కనుక ఈ చేపకు వాడే దారానికి మూడు గుణాలు కావాలి. బలం ఉండాలి, రాపిడికి ఓర్చుకోవాలి, నీటిలో చేప కంటికి ఆనకూడదు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. బలం కోసం లావు చేస్తే చేప కంటపడుతుంది, సన్నం చేస్తే రాయి కోసేస్తుంది. దారం చరిత్ర అంతా ఈ తగవు తీర్చడానికి జరిగిన ప్రయత్నమే.

తొమ్మిది వెంట్రుకలు

1496లో విన్‌కిన్ డి వోర్డ్ అనే ముద్రాపకుడు లండను పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో గాలం వేట మీద ఒక భాగం ఉన్నది. దానిని డేమ్ జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ రోజుల్లో గాలపు దారమంటే గుర్రపు తోక వెంట్రుకలే. తెల్లటి వెంట్రుకలు ఏరి, ఋతువును బట్టి, నీటి రంగును బట్టి ఆకుపచ్చగానో, పసుపుగానో, గోధుమరంగుగానో అద్దకం వేసి, కొన్ని కలిపి పేనేవారు.

ఏ చేపకు ఎన్ని వెంట్రుకలు పేనాలో ఆ పుస్తకంలో ఒక పట్టీ ఉన్నది. అతి చిన్న చేపకు ఒక్కటి చాలు. ట్రౌట్‌కు, బార్బెల్‌కు తొమ్మిది. పెద్ద ట్రౌట్‌కు పన్నెండు. సాల్మన్‌కు పదిహేను. మన జీతాల స్కేళ్ళ పట్టికలాగా ఉన్నది గదా! చేప దేహబలాన్ని బట్టి దారం ఎంచాలన్న సూత్రం అప్పటికే స్థిరపడిందన్న మాట.

1653లో ఐజాక్ వాల్టన్ రాసిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ వెలువడింది. అది నేటికీ అచ్చులో ఉన్న పుస్తకం. వెంట్రుక ఎంపిక గురించి ఆయన చెప్పినది మన ఇంట్లో బియ్యం ఏరే ఇల్లాలికి బాగా అర్థమవుతుంది. గుండ్రంగా, నునుపుగా, మొదటి నుండి చివరి దాకా ఒకే లావుగా, గాజులా ఉన్న వెంట్రుక ఒక్కటి, ఎగుడుదిగుడు వెంట్రుకలు మూడింటి పెట్టు అంటాడు. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎలాంటివి అన్నది ముఖ్యమని ఆయన భావం. అప్పటికి రీలు సాధారణ వాడుకలోకి రాలేదు. దారాన్ని కర్ర చివరకే కట్టేవారు. చేప పరుగెత్తితే ఇవ్వడానికి అదనపు దారం ఉండేది కాదు. అందుచేత కర్ర వంపు, వెంట్రుకల సాగుడు, వేటగాడి చేతి నేర్పు ఇవే ఆధారం.

పట్టుపురుగు ఇచ్చిన పోగు

18వ శతాబ్దంలో కొత్త వస్తువు వచ్చింది. గూడు కట్టబోయే పట్టుపురుగును పట్టి, వినిగర్‌లో నానబెట్టి, దాని కడుపులోని పట్టు గ్రంథులను బయటకు లాగి సాగదీస్తే ఒక గట్టి పారదర్శకమైన పోగు వస్తుంది. దాన్ని ‘గట్’ అనేవారు. స్పెయిన్ దేశంలోని ముర్సియా ప్రాంతం ఈ పరిశ్రమకు పెట్టింది పేరు. నీటిలో ఇది దాదాపు కనిపించదు. కాని ఒక్కో పోగు మూరెడుకు మించదు. ముడులు వేసి కలపాలి. ముడి ఉన్నచోటే దారానికి బలహీనత. పైగా పొడిగా ఉన్నప్పుడు గట్ పెళుసుగా ఉంటుంది. వేటకు ముందు నానబెట్టకపోతే ముడి వేస్తుండగానే పుటుక్కుమంటుంది.

కొక్కేనికి దగ్గర మూరెడో రెండు మూరలో గట్, దాని వెనుక రీలు మీద పొడవాటి పట్టుదారం, ఇలా రెండు రకాలు కలిపి వాడడం 19వ శతాబ్దపు పద్ధతి. ట్రెంట్ నది ఒడ్డునున్న నాటింగ్‌హామ్ వేటగాళ్ళు తేలికగా తిరిగే చెక్క రీలు మీద సన్నని పట్టుదారం చుట్టి, ప్రవాహంతోపాటు ఎరను దూరం పోనిచ్చి బార్బెల్‌ను పట్టేవారు. పట్టుదారానికి ఉన్న జబ్బు కుళ్ళిపోవడం. వేట ముగిశాక ఇంటికి వచ్చి దారమంతా విప్పి ఆరబెట్టాల్సిందే. మన గోదావరి, కృష్ణా తీరాల జాలరులు నూలు వలలను, జనపనార వలలను చెట్ల బెరడు కషాయంలో ముంచి, ఎండలో ఆరేసుకునేవారు. అక్కడి బాధ, ఇక్కడి బాధ ఒకటే. నీటిలో పనిచేసే దారాన్ని నీరే తినేస్తుంది.

మద్రాసు కలెక్టరు గాలం

ఇక మన సంగతి. ఉమ్మడి మద్రాసు రాజధానిలో దక్షిణ కెనరా జిల్లా కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మంగుళూరు నుండి ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం ప్రచురించాడు. అందులో పెద్దపీట వేసినది మహసీర్ చేపకు. ఆనాటి శాస్త్రజ్ఞులు మహసీర్‌ను కూడా బార్బెల్ ప్రజాతిలోనే చేర్చారు. ఇప్పుడు ‘టోర్’ అనే వేరు ప్రజాతిగా లెక్కిస్తున్నారు. బంధుత్వం మాత్రం నిజమే. అవే నాలుగు మీసాలు, అదే రాతి అడుగు, అదే వడి.

తేడా పరిమాణంలో ఉన్నది. ఇంగ్లండులో బార్బెల్ 20 పౌండ్లు దాటితే పత్రికలకెక్కుతుంది. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి చిక్కిన మహసీర్ 120 పౌండ్లు తూగింది. అలాంటి చేప తొలి పరుగులోనే రీలు మీది దారం చాలా మటుకు లాక్కుపోతుంది. ఇంగ్లండు నుండి తెచ్చుకున్న గట్ పోగులు మన ఎండకు ఎండి పెళుసెక్కేవి. నది మారితే, ఎండ మారితే దారమూ మారాలని దొరలకు ఇక్కడే తెలిసివచ్చింది.

థామస్ వేటగాడే అయినా చేపల సంరక్షణ గురించి కూడా గట్టిగా రాశాడు. నదుల్లో విషం కలపడాన్ని, సన్నకన్ను వలలతో పిల్లలను ఊడ్చివేయడాన్ని తప్పుపట్టాడు. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం చేపలు పట్టడానికి పేలుడు పదార్థాలు, విషం వాడడాన్ని నేరం చేసింది.

నైలాన్ వచ్చింది

అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్ తయారు చేసింది. 1938లో లోకానికి ప్రకటించారు. మొదట దంతధావన బ్రష్షు కుచ్చుగా, 1940లో ఆడవారి మేజోళ్ళుగా అమ్మకానికి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఒంటిపోగు నైలాన్ తీగ గాలపు దారంగా లోకమంతా వ్యాపించింది. ముడి లేకుండా ఎంత పొడవు కావాలంటే అంత దొరుకుతుంది. నానబెట్టనక్కరలేదు, ఆరబెట్టనక్కరలేదు, కుళ్ళదు. గుర్రం, పట్టుపురుగు రెండూ బతికిపోయాయి. మన ఊళ్ళ వలలు కూడా క్రమంగా నైలాన్‌కు మారాయి.

ఆ తర్వాత మరో రెండు రకాలు వచ్చాయి. 1971లో జపాన్ దేశపు కురేహా కంపెనీ ఫ్లోరోకార్బన్ దారం తెచ్చింది. ఇది నైలాన్ కంటే బరువు, త్వరగా మునుగుతుంది, నీటిలో తక్కువ కనిపిస్తుంది. 1990 దశకంలో పాలిథిలీన్ పోగుల అల్లిక దారం ప్రచారంలోకి వచ్చింది. అదే లావు నైలాన్ కంటే ఎన్నో రెట్లు బలం. అయితే అది దాదాపు సాగదు, రాయి అంచుకు ఒరిస్తే త్వరగా చివికిపోతుంది.

సరైన దారం ఏది?

మన సభ్యుల పిల్లలు చాలామంది ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి దగ్గరకు వెళ్ళి నెలలపాటు ఉండి వచ్చే పెద్దలున్నారు. మనవలతో నది ఒడ్డుకు వెళ్ళేవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు. అక్కడ 13 ఏళ్ళు నిండిన వారెవరైనా లైసెన్సు తీసుకోవాలి. మార్చి 15 నుండి జూన్ 15 దాకా నదుల్లో బార్బెల్ వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం అందులో కలిసివస్తుంది.

బార్బెల్‌కు 10, 12 పౌండ్ల బలమున్న నైలాన్ దారం సాధారణంగా సరిపోతుంది. రాళ్ళు, నాచు ఎక్కువుంటే ఇంకొంచెం గట్టిది. సన్నని దారంతో పెద్ద చేపను ఆడించి పట్టడం నేర్పరితనమని కొందరు మురిసిపోతారు. అది చేపకు మేలు కాదు. నిమిషాల తరబడి పెనుగులాడిన బార్బెల్ నీరసించిపోతుంది. వేసవిలో నీరు వెచ్చబడి, అందులో ప్రాణవాయువు తగ్గినప్పుడు, వదిలిపెట్టినా తేరుకోలేక చనిపోవచ్చు. గట్టి దారంతో త్వరగా ఒడ్డుకు తెచ్చి, నీటిలోనే పట్టుకుని, ఊపిరి కూడదీసుకున్నాక వదలడమే దయ.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. దారం తెగవలసివస్తే కొక్కెం దగ్గరే తెగాలి. అందుకే కొక్కేనికి కట్టే చివరి ముక్క బలం అసలు దారం కంటే కొంచెం తక్కువగా ఉంచుతారు. సీసం గుండు లాంటి బరువును కూడా చిక్కుకుంటే ఊడిపోయేలా కడతారు. లేకపోతే చేప గజాల కొద్దీ దారాన్ని, బరువును ఈడ్చుకుంటూ పోయి, ఏ వేరుకో చిక్కుకుని అక్కడే చస్తుంది. గుర్రపు వెంట్రుకల కాలంలో ఇంత భయం లేదు. అది నానిపోయేది, కుళ్ళిపోయేది. నైలాన్ అలా పోదు, వందల ఏళ్ళు ఉంటుందని అంచనా. ఒడ్డున పారేసిన మూరెడు తీగ హంస కాలికి, కొంగ ముక్కుకు ఉరి అవుతుంది. హంసలు మింగి చస్తున్నాయని ఇంగ్లండులో చిన్న సీసం గుండ్లను 1987లో నిషేధించారు. మిగిలిన తీగను ఎవరికి వారు చుట్టుకుని, ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయవలసిందే.

అక్కడ బార్బెల్ కోసం ఇంత జాగ్రత్త పడుతుండగా, కావేరిలోని మూపురపు మహసీర్ 2018లో అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాకెక్కింది. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, విషం, పేలుడు మందు, బయటి నుండి తెచ్చి వదిలిన వేరు మహసీర్లు, ఇలా అనేక కారణాలు చెబుతారు. 1897లోనే నేరమన్న పనులు ఇంకా ఆ లెక్కలో ఉండడం, చట్టాలు అమలు చేసే ఆఫీసుల్లో జీవితం గడిపిన మనలాంటి వారు ఆలోచించదగ్గ విషయం.

వెంట్రుకల పట్టీ ఉన్న ఆ 1496 నాటి పుస్తకంలోనే చివర కొన్ని హితవులు ఉన్నాయి. అత్యాశతో ఒక్కసారే ఎక్కువ చేపలు పట్టవద్దని, ఇతరుల కంచెలు విరగ్గొట్టవద్దని, తెరిచిన గేటు మళ్ళీ మూసి రావాలని. దారం వెంట్రుక పోయి పట్టు వచ్చింది, పట్టు పోయి నైలాన్ వచ్చింది. ఆ హితవుల్లో మార్చవలసినది ఒక్క అక్షరం కూడా లేదు. వాటికి ఇంకొకటి చేర్చుకోవాలి. తెచ్చుకున్న దారాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోవాలి.