సింగపూర్ వలస కార్మికుల వసతి గృహాలు

సింగపూర్‌లో భవన నిర్మాణం, ఓడల తయారీ వంటి రంగాల్లో పనిచేసే విదేశీ కార్మికులకు మంచాల లెక్కన అద్దెకిచ్చే సామూహిక నివాసాలు ఇవి. ఉండేవారిలో బంగ్లాదేశీయులు, భారతీయులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. వెయ్యి, అంతకు మించి మంచాలున్న గృహాలకు ఒక చట్టం ద్వారా 2016 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్‌లో ఈ చట్టాన్ని ఏడు, అంతకు మించి మంచాలున్న వసతులన్నిటికీ వర్తింపజేశారు.

2020లో కోవిడ్-19 ఈ ఇరుకు గదుల్లోనే అత్యధికంగా వ్యాపించింది. దరిమిలా 2021 సెప్టెంబరులో కొత్త గృహాలకు ప్రమాణాలు ప్రకటించారు: గదికి గరిష్ఠంగా 12 మంది, మనిషికి కనీసం 4.2 చదరపు మీటర్లు, ఆరు మంచాలకొక మరుగుదొడ్డి. పాత గృహాలు 2030 నాటికి మధ్యంతర ప్రమాణాలను (మనిషికి 3.6 చదరపు మీటర్లు), 2040 నాటికి పూర్తి ప్రమాణాలను అందుకోవాలి. మనిషికి దక్కే చోటు పెరిగితే మంచాల సంఖ్య తగ్గుతుంది. ఆ లోటు పూడ్చేందుకు ప్రభుత్వమే టుకాంగ్‌లో 2,400, సెంగ్‌కాంగ్ వెస్ట్‌లో 7,200 మంచాల వసతి నిర్మాణం చేపట్టింది.