60 నిమిషాల ఘంటసాల

బర్ దుబాయ్‌లో మీనా బజార్ వైపు వెళ్తే అల్ ఫహీదీ వీధిలో ఎలక్ట్రానిక్స్ షాపులు చూసే ఉంటారు. మన పెద్దవాళ్లు సెలవుకి ఊరెళ్తూ టూ ఇన్ వన్‌లు కొనుక్కెళ్లింది ఇలాంటి షాపుల్లోనే. అందులో తిరిగిన క్యాసెట్ సంగతి ఈసారి చెప్పుకుందాం.

ఘంటసాల గారు 1922 డిసెంబర్ 4న పుట్టి, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చమురు ధర ఒక్కసారిగా ఎగిసింది 1973 చివర్లో. ఆ డబ్బుతో గల్ఫ్‌లో కట్టడాలు జోరందుకుని, మనవాళ్లు పెద్దసంఖ్యలో రావడం ఆ తర్వాతే. అంటే మనవాళ్లు ఇక్కడ స్థిరపడేసరికి ఆయనే లేరు. గొంతు మాత్రం పెట్టెల్లో బట్టల మధ్య క్యాసెట్టై వచ్చింది.

పాతకాలపు గ్రామఫోన్ ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది, అంటే ఒక్క పాట. తర్వాత ఎల్పీలు వచ్చినా, అందులో ఏ పాటలుండాలో కంపెనీదే నిర్ణయం. వినేవాళ్లు కోరుకునే వీలు రేడియోలోనే ఉండేది. వివిధ భారతికో, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపించే రేడియో సిలోన్‌కో ఉత్తరం రాసి, తమ పేరు చదువుతారేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాళ్లు.

1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్ ఈ పద్ధతిని మార్చేసింది. ఖాళీ క్యాసెట్టూ, కాగితం మీద లిస్టూ పట్టుకెళ్తే రికార్డింగ్ షాపువాళ్లు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. హక్కుల గొడవ అప్పట్లో ఎవరికీ పట్టలేదు. 60 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి 30 నిమిషాలు, మహా అయితే ఎనిమిదో తొమ్మిదో పాటలు. అసలు తగువు అక్కడే! పాతాళ భైరవి, దేవదాసు, మాయాబజార్, మూగమనసులు... ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? లవకుశలో లవకుశులకి పాడింది లీల, సుశీల. బాణీలు మాత్రం ఘంటసాలవి. మరి ఆ పాటలు లెక్కలోకి వస్తాయా? ఇలాంటివన్నీ ఇంట్లోనే తేలాలి.

2008లో మైకేల్ జాక్సన్ 50వ పుట్టినరోజుకి ‘కింగ్ ఆఫ్ పాప్’ అనే ఆల్బం వచ్చింది. ఒక్కో దేశంలో అభిమానుల ఓట్లని బట్టి పాటలు వేశారు, అందుకే దేశానికో లిస్టు. మన దగ్గర అయితే, అంతకు ముందే ఇంటికో లిస్టు ఉండేది! కాకపోతే ఏ ఓటూ ఎక్కడా నమోదు కాలేదు. కంపెనీ ఆల్బం మీద కంపెనీ పేరుంటుంది. మన క్యాసెట్ అట్ట మీద పాటల పేర్లే ఉంటాయి. ఏరినవాళ్ల పేరుండదు.

ఆ ఏరినవాళ్లలో మన అమ్మలూ, అత్తలూ ఎంతమంది ఉన్నారో! వాళ్లకేం ఇష్టమో చెప్పే కాగితం ఇంకోటి చాలా ఇళ్లల్లో లేదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు అటక మీది క్యాసెట్లు పాతసామాన్లవాడికి వేసెయ్యకండి. టేపు పాడైపోయినా పర్లేదు, ఆ అట్టని ఫోటో తీయండి. ఇది ఎవరి లిస్టని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, పేరూ ఊరూ వెనకాల రాసిపెట్టండి. పాటలు ఫోన్‌లో ఎప్పుడైనా దొరుకుతాయి. ఎవరు కోరుకున్నారో చెప్పగలిగేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.